కంటికి కనపడని కుళ్ళు: డబ్బా చేప, సౌదీ బల్దియా, జప్తు చట్టం

హైదరాబాదు మహానగర పాలక సంస్థను తెలంగాణ పత్రికలు ఇప్పటికీ 'బల్దియా' అంటాయి. ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన ఈ మాటకు మూలం అరబ్బీలో ఊరు, దేశం అనే అర్థాలున్న 'బలద్'. కరీంనగర్ నుంచో నిజామాబాద్ నుంచో బతుకుతెరువు వెతుక్కుంటూ రియాద్‌కూ దమ్మాముకూ వెళ్ళినవారు అక్కడ కొత్తగా నేర్చుకోనక్కరలేని మాటల్లో ఇదొకటి. వారు సరుకులు కొనుక్కునే చిన్న దుకాణం 'బకాలా'. ఆ బకాలాకు అప్పుడప్పుడూ వచ్చి, అరల్లోని డబ్బాలను తిప్పి చూసి, పనికిరావనుకున్నవాటిని తీసుకుపోయేది బల్దియా అధికారులు.

అలా తీసుకుపోయే వస్తువుల్లో డబ్బా చేపకు ఒక ప్రత్యేకత ఉంది. కుళ్ళిన టమాటాను కన్ను పట్టుకుంటుంది. విరిగిన పాలను ముక్కు పట్టుకుంటుంది. రేకు డబ్బాలో మూసి ఉన్న చేప చెడిందో లేదో తెరిచేదాకా తెలియదు. కొన్ని సందర్భాల్లో తెరిచి, వాసన చూసి, తిన్న తరువాత కూడా కొన్ని గంటలదాకా తెలియదు. ఇటువంటి వస్తువును ఏ ఆధారంతో చెడిందని నిర్ణయించి, ఒక వర్తకుడి ఆస్తిని ప్రభుత్వం స్వాధీనం చేసుకోగలదు? ఆహార చట్టాల చరిత్రలో చాలా భాగం ఈ ప్రశ్నకు వెతికిన సమాధానాలే. సౌదీ అరేబియా నేల మీద ఆ సమాధానాలు మూడు రూపాల్లో కనిపిస్తాయి. మొదటిది అధికారి చేయి, రెండవది డబ్బా మీది తేదీ, మూడవది సరుకు నడిచివచ్చిన జాడ. ఒకదాని లోపాన్ని పూరించడానికి మరొకటి వచ్చింది. మూడూ చేరినా ఆ రక్షణ అందరికీ సమానంగా అందలేదన్నది ఈ చరిత్ర చివర ఎదురయ్యే విషయం.

రాశిలో పెట్టిన చేయి

మదీనా బజారు గురించి హదీసు సంప్రదాయంలో ప్రసిద్ధమైన ఒక ఉదంతం ఉంది. ప్రవక్త ముహమ్మద్ ఒక ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులో చేయి పెట్టారు. పైన పొడిగా ఉన్న గింజలు లోపల తడిగా తగిలాయి. వాన పడిందని వర్తకుడు సమాధానం చెప్పాడు. అలాగైతే తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త అడిగారు. మోసగాడికి తమ సమాజంలో చోటు లేదన్న తీర్పుతో ఈ ఉదంతం ముగుస్తుంది. మతపరమైన ప్రాముఖ్యం అలా ఉంచి, ఆహార తనిఖీ దృష్టితో చూస్తే ఇందులో రెండు అంశాలు గమనించదగినవి. తనిఖీ చేసేవారు పైపొరను నమ్మలేదు, లోపలి నుంచి నమూనా తీశారు. ఇక తప్పుగా ఎంచింది ధాన్యం తడవడాన్ని కాదు, ఆ తడిని దాచడాన్ని.

ఈ భావన చుట్టూ తరువాతి శతాబ్దాల్లో 'హిస్బా' అనే వ్యవస్థ ఏర్పడింది. దాన్ని నడిపే అధికారి ముహ్తసిబ్. తూకాలు, కొలతలు, వంటవారి శుభ్రత, రొట్టెలు కాల్చేవారి పిండి, వైద్యుల పరికరాలు అన్నీ అతడి పరిధిలోకి వచ్చేవి. 12వ శతాబ్దంలో అల్-షైజరీ రచించిన హిస్బా గ్రంథంలో చేపలు వేయించి అమ్మేవారికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. చేపలు మోసే బుట్టలనూ పళ్ళేలనూ ప్రతిరోజూ కడిగి ఉప్పు చల్లాలన్నది అందులోని నియమాల్లో ఒకటి. ఈ పదవి భారతదేశానికి కూడా వచ్చింది. 1659లో ఔరంగజేబు ముహ్తసిబ్‌ను నియమించాడు. అంతకు చాలా ముందే కౌటిల్యుడి అర్థశాస్త్రం ధాన్యం, నూనె, ఉప్పు, సుగంధాలు, ఔషధాలలో పోలిక గల నాసి సరుకు కలిపినవాడికి 12 పణాల జరిమానా విధించింది.

భాషలూ మతాలూ వేరైనా ఈ వ్యవస్థలన్నిటిలోనూ తనిఖీకి పనిముట్లు మనిషి ఇంద్రియాలే. అధికారి చూస్తాడు, ముట్టుకుంటాడు, వాసన పీలుస్తాడు. ఎర్రసముద్ర తీరాన జిద్దాలో ఉదయం పట్టిన చేపను సాయంత్రానికి అమ్మే కాలానికి ఇది సరిపోయింది. చేప ఎక్కడో పట్టి, మరెక్కడో ఉడికించి, రేకులో మూసి, మూడేళ్ళ తరువాత ఇంకో ఖండంలో తినే పద్ధతి వచ్చేసరికి చేయి పెట్టడానికి రాశే లేకుండా పోయింది.

రేకు వెనక మూడు రకాల చెడు

గాలి చొరకుండా మూసి వేడి చేస్తే ఆహారం నిలవ ఉంటుందని నికొలా అపేర్ అనే ఫ్రెంచి మిఠాయి తయారీదారు 1810లో ప్రకటించాడు. అదే ఏడాది ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ రేకు డబ్బాకు పేటెంట్ తీసుకున్నాడు. ఆహారం ఎందుకు నిలవ ఉంటుందో ఆ ఇద్దరికీ తెలియదు. సూక్ష్మజీవుల పాత్రను పాశ్చర్ నిరూపించడానికి ఇంకా అర్ధశతాబ్దం పట్టింది. ఆ అజ్ఞానానికి మూల్యం 1852లో బయటపడింది. బ్రిటిష్ నౌకాదళానికి గోల్డ్‌నర్ అనే కాంట్రాక్టరు సరఫరా చేసిన మాంసపు డబ్బాలను అధికారులు తెరిచి చూస్తే, పరీక్షించినవాటిలో అత్యధికం కుళ్ళి ఉన్నాయి. ప్రభుత్వం డబ్బు చెల్లించి కొన్నదీ, నావికులకు పంచడానికి దాచుకున్నదీ ఆ కుళ్ళునే.

డబ్బా ఎందుకు చెడుతుందన్న ప్రశ్నకు శాస్త్రీయమైన జవాబు 1895 తరువాత అమెరికాలో దొరికింది. సముద్రపు గుల్లల డబ్బాలు ఉబ్బిపోతున్నాయని విలియం అండర్‌వుడ్ అనే వర్తకుడు మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు వెళ్ళాడు. అక్కడి శామ్యూల్ ప్రెస్కాట్‌తో కలిసి జరిపిన పరిశోధనలో, ఉడికించినా చావని బీజాలే దీనికి కారణమని తేలింది. అదే 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎల్జెల్ అనే గ్రామంలో ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం తిన్నవారిలో ముగ్గురు చనిపోయారు. ఆ మాంసం నుంచి ఎమీల్ వాన్ ఎర్మెంగెమ్ వేరుచేసిన సూక్ష్మజీవినే నేడు క్లాస్ట్రీడియం బోట్యులినమ్ అంటున్నారు.

ఇప్పటి వైద్యదృష్టితో చూస్తే డబ్బా చేప మూడు దశల్లో చెడవచ్చు: డబ్బాలోకి వెళ్ళకముందు, మూసేటప్పుడు, మూసిన తరువాత నిలవలో.

మొదటిది హిస్టమిన్. ట్యూనా, కవళ్ళు, కానాగంతలు వంటి చేపల కండలో హిస్టిడిన్ అనే ఆమ్లం ఎక్కువ. పట్టిన చేపను వెంటనే మంచులో పెట్టకపోతే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబారుతుంది, తలనొప్పి, దద్దుర్లు, గుండెదడ వస్తాయి. ఇది చేప పడని అలర్జీలాగే కనిపిస్తుంది కాబట్టి వైద్యులు కూడా పొరబడతారు. బాక్టీరియాను డబ్బా కర్మాగారంలోని ఆవిరి చంపుతుంది, అది చేసిపెట్టిన హిస్టమిన్‌ను మాత్రం ఏమీ చేయలేదు. అంటే పడవలో చెడిన చేపను ఎంత శుద్ధిగా డబ్బాలో మూసినా అది చెడిన చేపే. పైకి మాత్రం డబ్బా నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకే అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణాలు కిలో ట్యూనాలో 100 మిల్లీగ్రాముల హిస్టమిన్ దాటితే కుళ్ళిన చేప అనీ, 200 దాటితే ఆరోగ్యానికి హానికరమనీ గీతలు గీశాయి. ఈ జబ్బుకు సంబంధించిన చేపల్లో ఒకదాని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిజర్ కానగుర్త. విశాఖపట్నం తీరంలో చేపలను సేకరించి 1803లో పుస్తకం ప్రచురించిన వైద్యుడు ప్యాట్రిక్ రసెల్ అక్కడ విని రాసుకున్న పేరే, తరువాత క్యువియర్ చేతి మీదుగా ప్రపంచ శాస్త్రంలోకి వెళ్ళింది.

రెండవది బోట్యులిజం. దీని బీజాలను చంపడానికి 121 డిగ్రీల సెల్సియస్ వేడి దాదాపు మూడు నిమిషాలు డబ్బా మధ్యభాగానికి చేరాలి. అది చేరకపోయినా, చేరిన తరువాత డబ్బా అతుకులో సన్నని రంధ్రం మిగిలినా ప్రమాదమే. 1978లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఒకే అలాస్కా సాల్మన్ డబ్బా తిన్న నలుగురు వృద్ధులు బోట్యులిజం పాలయ్యారు, ఇద్దరు మరణించారు. 1982లో బెల్జియంలో మరో అలాస్కా సాల్మన్ డబ్బా ఒక ప్రాణం తీసింది. దాని రేకులో, డబ్బాకు ఆకారమిచ్చే యంత్రం చేసిన చిన్న చిల్లు కనిపించింది. ఆ ఒక్క చిల్లు కారణంగా 5 కోట్లకు పైగా డబ్బాలను మార్కెట్టు నుంచి వెనక్కు రప్పించారు.

మూడవది నిలవలో వచ్చేది. డబ్బాలోని ఆహారం నిక్కచ్చిగా నిర్జీవం కాదు. మామూలు వాతావరణంలో ఏదీ పెరగదన్న లెక్క మీద దాన్ని సురక్షితమంటారు. వేసవిలో 50 డిగ్రీల దరిదాపులకు చేరే ఎడారి గోదాము ఆ లెక్కలోని మామూలు వాతావరణం కాదు. వేడిని కోరుకునే కొన్ని బీజాలు అక్కడ మేల్కొంటాయి. వాటిలో కొన్ని వాయువును పుట్టించవు, ఆమ్లాన్ని మాత్రమే పుట్టిస్తాయి. డబ్బా ఉబ్బదు, లోపలిది పులుస్తుంది. ప్రాణాపాయం అరుదే, అయినా తనిఖీ అధికారి డబ్బా ఉబ్బును నమ్ముకోవడానికి వీలులేదని ఇది చెబుతుంది.

పెట్టెలే ముద్దాయిలు

కనిపించని ఈ చెడుకు మొదట గట్టిగా స్పందించిన చట్టాల్లో అమెరికా 1906లో చేసిన ఆహార ఔషధ చట్టం ఒకటి. పూర్తిగా గానీ కొంత భాగం గానీ కుళ్ళిన జంతు పదార్థమున్న ఆహారం కల్తీ ఆహారమేనని అది నిర్వచించింది. రాష్ట్రాల సరిహద్దు దాటిన అటువంటి సరుకును న్యాయస్థానం ద్వారా స్వాధీనం చేసుకునే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ చట్టం కింద ప్రకటించిన తీర్పుల్లో డబ్బా సాల్మన్ తరచుగా కనిపిస్తుంది. ఈ కేసుల పేర్లే విచిత్రంగా ఉంటాయి. ప్రతివాది స్థానంలో మనిషి ఉండడు, సరుకు ఉంటుంది. 1924లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక ప్రసిద్ధమైన కేసులో ప్రతివాది 95 పీపాల వెనిగర్.

ఇది న్యాయవాదుల చమత్కారం మాత్రమే కాదు. కౌటిల్యుడి 12 పణాలు మనిషికి పడిన శిక్ష. అందుకు అతడి నేరం రుజువు కావాలి. వస్తువే ముద్దాయి అయినప్పుడు వర్తకుడి మనసులో మోసం ఉందో లేదో తేల్చనక్కరలేదు. మదీనా వర్తకుడు చెప్పినట్టు వాన వల్లే తడిసి ఉండవచ్చు. అయినా ఆ సరుకు జనం నోటికి చేరకూడదు. శిక్షనూ నివారణనూ వేరు చేయడం ఆహార చట్టం సాధించిన పెద్ద విజయాల్లో ఒకటి. రోగిని నిందించకుండానే అంటువ్యాధిని అడ్డుకునే వైద్యనీతికి ఇది దగ్గరగా ఉంటుంది.

అయితే నమూనా లెక్క మాత్రం చట్టాన్ని ఇబ్బంది పెడుతూనే ఉంది. వెయ్యి డబ్బాలకు ఒకటి చెడిన సరుకులో 13 డబ్బాలు తెరిచి చూస్తే, నూటికి 98 సార్లకు పైగా అన్నీ మంచివే దొరుకుతాయి. బోట్యులిజం విషయంలో చెడిన డబ్బా లక్షల్లో ఒకటి కావచ్చు. అన్నిటినీ తెరిస్తే అమ్మడానికి ఏమీ మిగలదు. ఈ చిక్కు నుంచి బయటపడడానికి చట్టం డబ్బాను వదిలి కర్మాగారం వైపు తిరిగింది. ఆలివ్ కాయల డబ్బాల వల్ల సంభవించిన మరణాల తరువాత 1925లో కాలిఫోర్నియా డబ్బా కర్మాగారాల తనిఖీ చట్టం చేసింది. 1971లో ఒక సూప్ డబ్బా వల్ల ఒకరు మరణించిన తరువాత, 1973లో అమెరికా ప్రభుత్వం ఆమ్లం తక్కువగా ఉండే డబ్బా ఆహారాలన్నిటికీ కట్టుదిట్టమైన నియమాలు తెచ్చింది. ఏ రోజు, ఏ ఆవిరి పాత్రలో, ఎంత వేడిలో, ఎన్ని నిమిషాలు ఉడికిందో రాసి ఉంచాలి. డబ్బా మీద ముద్రించిన సంకేత సంఖ్య ఆ రాతకు దారి చూపాలి.

తేదీ రాజ్యం

సౌదీ అరేబియా పరిస్థితి వేరు. తాను తినే ఆహారంలో అధిక భాగం దిగుమతి చేసుకునే దేశమది. అక్కడ అమ్ముడుపోయే డబ్బా ట్యూనాలో పెద్ద వాటా థాయ్‌లాండ్, ఇండొనేషియా వంటి దేశాల కర్మాగారాల నుంచి వస్తుంది. ఆవిరి పాత్ర పక్కన సౌదీ అధికారి నిలబడలేడు. అతడి చేతికి అందేది జిద్దా రేవులోనో దమ్మాము రేవులోనో దిగిన పెట్టె, దానితో వచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం, డబ్బా మీది తేదీ.

చమురు ఆదాయం పెరిగి, లక్షలాది వలస కార్మికులు వచ్చి చేరుతున్న 1970ల ఆరంభంలోనే, 1972లో, సౌదీ ప్రమాణాల సంస్థ ఏర్పడింది. ఏ ఆహారం ఎన్నాళ్ళు నిలవ ఉండవచ్చో నిర్దేశించే ప్రమాణాలు ఆ సంస్థ నుంచి వచ్చాయి. 1984లో వాణిజ్య మోసాల నిరోధక చట్టం వచ్చింది, 2008లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. గడువు దాటిన సరుకును కూడా చెడిన సరుకు కిందే లెక్కగట్టడం ఈ చట్టాల ముఖ్య లక్షణం. కొత్త చట్టం కింద మూడేళ్ళ జైలు, 10 లక్షల రియాళ్ళ జరిమానా దాకా శిక్ష పడవచ్చు. దోషి ఖర్చుతోనే అతడి పేరునూ నేరాన్నీ పత్రికల్లో ప్రకటించవచ్చు. నేరస్థుణ్ణి బజారులో తిప్పి చూపించే పాతకాలపు ముహ్తసిబ్ పద్ధతికి ఇది అచ్చు రూపం.

తేదీ వల్ల అధికారికి గొప్ప సౌలభ్యం కలిగింది. ప్రయోగశాల అక్కరలేదు, శాస్త్రజ్ఞానం అక్కరలేదు, చదవగలిగితే చాలు. గోదాములో వేల పెట్టెలను ఒక పూటలో జప్తు చేయవచ్చు. అయితే తేదీకీ చెడుకూ ఉన్న సంబంధం పలచనిది. సరిగా ఉడికించి, సరిగా మూసి, చల్లగా దాచిన చేప డబ్బా గడువు దాటిన మర్నాడు విషమైపోదు. పడవలోనే హిస్టమిన్ పట్టిన చేప డబ్బాకు రెండేళ్ళ గడువు మిగిలి ఉన్నా అది సురక్షితం కాదు. అంటే తేదీ ఆధారంగా జరిగే జప్తులో తినదగిన చేప కొంత ధ్వంసమవుతుంది, తినకూడని చేప కొంత తప్పించుకుంటుంది. చట్టం ఈ లోపాన్ని తెలిసే అంగీకరించింది. అంతకంటె చవకగా, అంతకంటె నిష్పక్షపాతంగా పనిచేసే గీటురాయి మరొకటి దానికి దొరకలేదు.

ఈ లోపంలోంచే కొత్త నేరం పుట్టింది. విలువంతా తేదీలో ఉన్నప్పుడు మోసగాడు చేపను ముట్టుకోనక్కరలేదు, చీటీ మారిస్తే చాలు. పాత తేదీని ద్రావకంతో తుడిచి కొత్తది అచ్చువేసే గోదాముల మీద దాడుల వార్తలు సౌదీ పత్రికల్లో తరచుగా వస్తుంటాయి. మదీనా వర్తకుడు తడి గింజలను పొడి గింజల కింద దాచాడు. ఇక్కడ దాచేది కాలాన్ని.

వెనక్కి నడిచిన జాడ

2003లో సౌదీ ప్రభుత్వం ఆహార ఔషధ ప్రాధికార సంస్థను స్థాపించింది. అంతదాకా వాణిజ్య శాఖ, బల్దియాలు, ఆరోగ్య శాఖ, వ్యవసాయ శాఖల మధ్య చీలిపోయి ఉన్న బాధ్యతలు క్రమంగా దాని చేతికి వచ్చాయి. హిజ్రీ 1436 ఆరంభంలో, అంటే 2014 చివర, ఆహార చట్టం వెలువడింది. హానికరమైన ఆహారాన్ని తెలిసి చలామణీ చేసినవారికి పదేళ్ళ జైలు, కోటి రియాళ్ళ జరిమానా దాకా శిక్ష విధించే అవకాశం ఈ చట్టంలో ఉంది. శిక్షల కంటె ముఖ్యమైనది ఇందులోని జాడ సూత్రం. ప్రతి వర్తకుడూ తన సరుకు ఎవరి నుంచి వచ్చిందో, ఎవరికి వెళ్ళిందో చూపించగలగాలి. చేయి ఒక రాశిని తడుముతుంది, తేదీ ఒక డబ్బాను గుర్తిస్తుంది, జాడ ఒకే కుదురు నుంచి వచ్చిన డబ్బాలన్నిటినీ కలిపి పట్టుకుంటుంది.

దీనికి కఠిన పరీక్ష 2024 ఏప్రిల్ చివరి వారంలో రియాద్‌లో ఎదురైంది. చేప వల్ల కాదు గానీ, డబ్బా చేపకు అందరూ భయపడే ఆ క్రిమి వల్లే. కనురెప్పలు వాలిపోయి, చూపు రెండుగా చీలి, మాట ముద్దగా మారి, ఊపిరి అందని స్థితిలో రోగులు ఆసుపత్రులకు రావడం మొదలైంది. బోట్యులిజం లక్షణాలు అలాగే తల నుంచి కిందికి దిగుతాయి. విషహరిణి త్వరగా ఇవ్వాలి, చాలామందికి కృత్రిమ శ్వాస అవసరమవుతుంది. మొత్తం 75 మంది జబ్బుపడ్డారు, ఒకరు మరణించారు.

రోగులు ఎక్కడ తిన్నారని విచారిస్తే 'హంబుర్గిని' అనే బర్గర్ల దుకాణాల శ్రేణి తేలింది. రియాద్ బల్దియా వెంటనే నగరంలోని ఆ శాఖలను మూయించింది. క్రిమి ఏ పదార్థంలో ఉందో అప్పటికి తెలియదు. ఆ తరువాత నమూనాలను పరీక్షించినప్పుడు 'బోన్ తుమ్' అనే పేరుతో అమ్ముడయ్యే మయొనైజ్‌లో క్లాస్ట్రీడియం బోట్యులినమ్ కనిపించిందని మే నెలలో పురపాలక మంత్రిత్వ శాఖ ప్రకటించింది. ఆ మయొనైజ్ పంపిణీ ఆపి, మార్కెట్టు నుంచి వెనక్కు రప్పించి, కర్మాగారంలో ఉత్పత్తి నిలిపివేశారు. రోగి నుంచి దుకాణానికి, దుకాణం నుంచి సీసాకు, సీసా నుంచి కర్మాగారానికి జాడ వెనక్కి నడిచింది.

ఈ ఉదంతంలో జప్తు ఒక చికిత్స వంటిది. 75 మందికి వైద్యులు విషహరిణి ఇచ్చి, యంత్రాలతో ఊపిరి పోయగలరు. 76వ మనిషిని కాపాడింది ఆసుపత్రి కాదు, సీసాను అరలోంచి తీసిన అధికారి. పూర్తి రుజువు వచ్చేదాకా ఆగి ఉంటే చట్టం నిర్దోషంగా కనిపించేది, రోగుల సంఖ్య పెరిగేది. తొలి అనుమానం దుకాణం మీద పడి, అసలు మూలం మరోచోట తేలిందన్నదీ నిజమే. ఆ దుకాణానికి కలిగిన నష్టం చిన్నది కాదు. అయినా ప్రాణాపాయం ముందు ఆస్తినష్టాన్ని ఎంచుకోవడం ఆహార చట్టం నీతి. దీని మరో ముఖం కూడా ఆ మే నెలలోనే బయటపడింది. ఈ వ్యవహారంలో సాక్ష్యాలను దాచడానికీ చెరపడానికీ ప్రయత్నాలు జరిగిన ఆరోపణల మీద సౌదీ అవినీతి నిరోధక సంస్థ 'నజాహా' విచారణ చేపట్టింది. జాడ మీద నిలిచిన వ్యవస్థలో జాడను చెరపడమే అన్నిటికంటె పెద్ద నేరం.

జాడ ఆగిపోయే చోటు

ఇంతటి వ్యవస్థలో అంచున నిలబడేవారు ఇద్దరున్నారు. చాలా సందర్భాల్లో ఇద్దరూ పరాయి దేశపు కార్మికులే.

ఒకరు చీటీ మార్చేవాడు. గోదాము మీద దాడి జరిగినప్పుడు అక్కడ దొరికేది ద్రావకపు సీసా పట్టుకున్న కూలి. గోదాము ఎవరిది, సరుకు ఎవరిది, లాభం ఎవరికి అన్న ప్రశ్నలకు జవాబులు అరబ్బీ కాగితాల్లో ఉంటాయి; అతడు వాటిని చదవలేకపోవచ్చు. వీసా యజమాని చేతిలో ఉన్నప్పుడు ఈ పని చేయనని చెప్పడం తేలిక కాదు. శిక్షాకాలం ముగిశాక విదేశీయుణ్ణి దేశం నుంచి పంపివేయడం ఇటువంటి కేసుల్లో సాధారణం. ఆ ప్రయాణానికి చేసిన అప్పు ఊళ్ళో అలాగే ఉంటుంది. సరుకును ముద్దాయిగా నిలబెట్టి మనిషి నేరాన్ని వేరుగా విచారించే సూత్రం గొప్పదే. నేరం మోయవలసిన మనిషి ఎవరన్న దగ్గరికి వచ్చేసరికి ఆ సూత్రం చేతికి దొరికినవాడి దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఇంకొకరు కొనేవాడు. పన్నెండు గంటలు పనిచేసి లేబర్ క్యాంపు గదికి వచ్చినవాడికి వంటకు ఓపిక ఉండదు. ఒక డబ్బా ట్యూనా, రెండు ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయ, రొట్టె ఉంటే పూట గడుస్తుంది. నెల చివర సొట్టలు పడిన డబ్బా, గడువు దగ్గరపడిన డబ్బా సగం ధరకు దొరికితే అదే కొంటాడు. డబ్బా పక్కభాగంలో సొట్ట పడితే సాధారణంగా నష్టం లేదు. మూత అతికిన అంచు మీద పడితే మాత్రం 1982 నాటి బెల్జియం డబ్బాలాగే లోపలికి దారి ఏర్పడవచ్చు. ఈ తేడా సౌదీ చట్టానికీ ప్రమాణాల సంస్థకూ తెలుసు. కొనేవాడికి అతడి భాషలో చెప్పిన పత్రాలు అరుదు. అతడు రసీదు తీసుకోడు. చీటీ అతడికి రాని లిపిలో ఉంటుంది. కర్మాగారం నుంచి రేవుకూ, రేవు నుంచి గోదాముకూ, గోదాము నుంచి బకాలాకూ కాగితం మీద నడిచివచ్చిన జాడ అతడి చేతిలో తెగిపోతుంది.

వైద్యశాలలో దీని పర్యవసానం స్పష్టంగా కనిపిస్తుంది. రెప్పలు వాలిపోయి, మింగుడు పడక వచ్చిన రోగిని వైద్యుడు మొదట అడగవలసింది గత రెండు రోజుల్లో ఏమి తిన్నావని. రెండవది, ఆ డబ్బా ఇంకా ఉందా అని. దాని మూత మీద ముద్రించిన కొన్ని అక్షరాలూ అంకెలూ ఒక కర్మాగారాన్నీ, ఒక రోజునూ, ఒక ఆవిరి పాత్రనూ చూపిస్తాయి. ఆ అంకెలు దొరికితే అదే కుదురుకు చెందిన వేల డబ్బాలను ఆ సాయంత్రానికే అరల నుంచి తీయించవచ్చు. దొరకకపోతే, ఆ వ్యాధి ఒక్క మనిషి దురదృష్టంగా ఆసుపత్రి రికార్డులో మిగిలిపోతుంది, ఆ కుదురు ఇంకొన్ని గదుల్లోకి నడిచిపోతుంది.

బల్దియాకు ఈనాడు ప్రయోగశాలలున్నాయి, కఠినమైన చట్టముంది, కోటి రియాళ్ళ జరిమానా ఉంది. అయినా ఆ యంత్రాంగమంతా కదలడానికి చివరకు ఆధారం క్యాంపు చెత్తబుట్టలో పడివున్న ఒక ఖాళీ డబ్బా కావచ్చు. దాన్ని పారేయకుండా తెచ్చి చూపించాలని ఆ గదిలో ఉండేవారికి వారి భాషలోనే తెలియజేసిననాడు, రాశిలో చేయి పెట్టిన నాటి నుంచి సాగుతున్న ఈ ప్రయత్నం వారి దాకా కూడా చేరుతుంది.